గడ్డికోత మిషను - సంఘాలు, సభ్యులు పాటించవలసిన జాగ్రత్తలు

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లోని పాల సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు కొద్ది సంవత్సరాలుగా స్టాకు రిజిస్టరులో ఒక కొత్త పద్దు మాకు కనబడుతున్నది. పాల క్యాన్లు, కొలత పాత్రలు, వెన్న పరీక్ష సామగ్రి, బల్లలు, కుర్చీల తరువాత "పెట్రోలు గడ్డికోత మిషను - 1" అని వ్రాసి ఉంటున్నది. బ్రష్ కట్టరు అని అందరూ పిలిచేది దీనినే. కొన్ని సంఘాలు సొంత నిధులతో కొని సభ్యులకు అద్దెకిస్తున్నాయి. కొన్ని గ్రామాల్లో రైతులే వ్యవసాయ యాంత్రీకరణ పథకం రాయితీతో కొనుక్కున్నారు. గట్ల మీద గడ్డి కోసేందుకు కూలీలు దొరకని ఈ రోజుల్లో, నాలుగు గేదెలున్న ఇంటికి ఇది ఎంత ఆదుకుంటున్నదో మాకు తెలుసు. ఒక పూట కొడవలి పనిని గంటలో ముగిస్తుంది. దానిని కొనవద్దని మేము చెప్పడం లేదు.

మేము అడుగుతున్నది వేరొకటి. మిషను కొన్న రసీదు వోచర్ల ఫైలులో భద్రంగా ఉంటుంది. దాని వెనుకనే కళ్ళద్దాల రసీదు, బూట్ల రసీదు ఉండాలి గదా అని తిరగేస్తే చాలా సంఘాల్లో అవి ఉండవు. "అద్దాలు మిషనుతోనే వచ్చాయండీ, ఎక్కడో ఉండాలి" అని కార్యదర్శి గారు బీరువా వెదుకుతారు. బీరువాలో అవి దొరికాయంటే ఎవరూ పెట్టుకోవడం లేదనే అర్థం. మరి కొన్ని చోట్ల బ్లేడు దగ్గర ఉండవలసిన గార్డు కూడా ఆ బీరువాలోనే కనబడింది. ఈ వ్యాసం వ్రాయడానికి ముఖ్య కారణం అదే.

ముందు ఈ యంత్రం బలమెంతో ఒక చిన్న లెక్కతో చూద్దాం. పది అంగుళాల బ్లేడు అంచు ఒక చుట్టు తిరిగితే సుమారు 80 సెంటీమీటర్ల దూరం పోతుంది. నిమిషానికి 7,000 చుట్లు తిరిగితే నిమిషానికి 5,600 మీటర్లు. గంటకు లెక్క కడితే 336 కిలోమీటర్లు. మన బందరు రోడ్డు మీద ఏ వాహనమూ అంత వేగంగా పోదు. ఆ అంచుకు ఒక గులకరాయో, సీసా పెంకో, తుప్పు పట్టిన మేకో తగిలితే అది ఎంత దూరం, ఎంత జోరుగా ఎగురుతుందో ఊహించవచ్చు. కొడవలికి భయపడవలసింది దానిని పట్టుకున్న చేయి ఒక్కటే. ఈ మిషనుకు చుట్టుపక్కల ఉన్న వారందరూ భయపడాలి.

మన అలవాట్లన్నీ కొడవలి నేర్పినవి. వరికోతల్లో మునుం పట్టి, పక్కపక్కనే నిలబడి కోస్తాం. గడ్డి కోసేటప్పుడు కూడా ఒకరు కోస్తూ పోతుంటే వెనుకనే ఇంకొకరు పోగులు వేసి, మోపు కడతారు. ఇంటాయన కోస్తే ఇల్లాలు ఎత్తుతుంది, పిల్లలు దూడను పట్టుకుని అక్కడే నిలబడతారు. మిషను వచ్చిన తరువాత కూడా మునుం పద్ధతి పోలేదు. ఆయన మిషను తిప్పుతుంటాడు, ఆమె నాలుగు అడుగుల వెనుక వంగి గడ్డి పోగు చేస్తుంటుంది. వంగిన మనిషి ముఖం సరిగ్గా పెంకులు ఎగిరే ఎత్తులోనే ఉంటుందని ఎవరికీ తోచడం లేదు.

తయారీదారులు మిషనుతో ఇచ్చే పుస్తకాల్లో సాధారణంగా 15 మీటర్ల దూరం చెబుతారు. అంటే సుమారు 50 అడుగులు. అర్థమయ్యేటట్లు చెప్పాలంటే, చదరంగా ఉన్న ఎకరం మడికి ఒక పక్క గట్టు దాదాపు 210 అడుగులు ఉంటుంది. అందులో పావు వంతు గట్టు దూరంలో రెండో మనిషి గాని, పశువు గాని ఉండరాదు. ఒకే పొలంలో రెండు మిషన్లు నడిచినా వాటి మధ్య అంత దూరమూ ఉండవలసిందే. మరి గడ్డి ఎవరు ఎత్తాలి? కోత ఆపి, ఇంజను కట్టేసిన తరువాత ఎత్తాలి. పది గజాల బారు కోసి, ఆపి, ఎత్తుకుని, మళ్ళీ మొదలుపెట్టినా సరే. పని కొంచెం ఆలస్యమవుతుంది, కాదనం. ఎవరైనా దగ్గరకు వచ్చి మాట్లాడబోతే ముందు ఇంజను ఆపాలి. వచ్చేవారు కూడా వెనుక నుండి వచ్చి భుజం మీద చేయి వేయరాదు. ఆ మోతలో అతనికి ఏమీ వినబడదు. ఉలిక్కిపడి గిరుక్కున తిరిగితే బ్లేడు కూడా అతనితో పాటే తిరుగుతుంది. కనబడేటట్లు ఎదురుగా, దూరాన నిలబడి చేయి ఊపి పిలవాలి.

మాకు తెలిసిన ఒక గ్రామంలో ఇలాగే వెనుక గడ్డి ఎత్తుతున్న ఒక ఇల్లాలికి సీసా పెంకు తగిలి కుడి కన్ను పోయింది. మిషను సంఘానిది. ఆ తరువాత జరిగిన పాలకవర్గ సమావేశంలో ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న వచ్చింది. అద్దెకు తీసుకున్నవాడే బాధ్యుడన్నారు కొందరు. గార్డు లేని మిషను అద్దెకిచ్చిన సంఘానిదే బాధ్యత అన్నారు మరి కొందరు. ఆమె అసలు సభ్యురాలే కాదు, సభ్యత్వం భర్త పేరున ఉన్నదని ఇంకొకరు గుర్తు చేశారు. రోజూ రెండు పూటలా పాలు పోసేది మాత్రం ఆమే. మినిట్సు పుస్తకంలో రెండు పేజీల చర్చ ఉన్నది, తీర్మానం లేదు. మిషను అద్దెకిచ్చే నాడే నాలుగు మాటలు వ్రాసి పెట్టుకుని ఉంటే ఆ రెండు పేజీలు వ్రాయవలసిన పని ఉండేది కాదు.

ఇక గార్డు సంగతి. దానిని ఎందుకు విప్పుతున్నారని అడిగితే ఎక్కడైనా ఒకటే జవాబు: "పరిగడ్డి చుట్టుకుపోతున్నదండీ." మాట నిజమే. కాలువ గట్ల మీద ఏపుగా పెరిగిన పరిగడ్డి పచ్చిగా, తీగలా ఉంటుంది. మంచు మీదో, వాన వెలిసిన వెంటనేనో కోస్తే బ్లేడు కింద, గార్డు లోపల ముద్ద కడుతుంది. దీనికి విరుగుడు గార్డు తీసేయడం కాదు. మంచు ఆరిన తరువాత కోయాలి. ఎత్తుగా ఉన్న గడ్డిని ఒకే కోతలో మొదలంటా నరకకుండా ముందు పై సగం, తరువాత కింది సగం, రెండు విడతలుగా కోయాలి. ముద్ద కడితే ఇంజను పూర్తిగా ఆపి, బ్లేడు నిలిచిందని కంటితో చూసి, కర్రతో తీయాలి. మీట వదిలినా బ్లేడు కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. స్పార్కు ప్లగ్గు తొడుగు లాగేసి చేయి పెడితే ఇంకా మేలు. గంటకు ఇంత అని అద్దె పెట్టిన సంఘాల్లో గార్డు విప్పడం, దూరం పాటించకపోవడం మేము ఎక్కువగా చూశాము. గడియారం చూస్తూ కోసేవాడికి తొందర తప్పదు. పూటకు ఇంత అని అద్దె పెట్టుకుంటే మంచిదని మా అభిప్రాయం. సంఘానికి వచ్చే నష్టం స్వల్పం.

కోతకు ముందు ఆ స్థలం ఒకసారి నడిచి చూడాలి. మన డెల్టా నేలలో రాళ్ళు తక్కువే గదా అనుకోవచ్చు. రాళ్ళు తక్కువే, కాని రోడ్డు పక్క కాలువ గట్ల మీద సీసాలకు కొదవ లేదు. డొంకల్లో పాత కంచె ముళ్ళతీగ, పగిలిన కుండ పెంకులు, రొయ్యల మేత సంచుల ప్లాస్టిక్కు, గూటాలు, గేదెను కట్టి వదిలేసిన గొలుసు ముక్కలు కూడా ఉంటాయి. ఒక కర్రతో గడ్డిని పాయలు తీస్తూ నడిస్తే ఇవన్నీ బయటపడతాయి.

బంటుమిల్లి, కృత్తివెన్ను, నాగాయలంక, కోడూరు వైపు సంఘాల వారు ఇంకొక విషయం తప్పక గమనించాలి. అక్కడ చేపల, రొయ్యల చెరువుల గట్ల మీద గడ్డి బాగా పెరుగుతుంది, చెరువు యజమానులు కోసుకుపొమ్మంటారు కూడా. ఆ గడ్డిలోనే ఏరియేటర్లకు, మోటార్లకు పోయే కరెంటు వైర్లు పడి ఉంటాయి. గడ్డి పెరిగితే వైరు కనబడదు. కొడవలి పట్టిన చేతికి వైరు తగిలితే తెలుస్తుంది. బ్లేడుకు తెలియదు, పచ్చి కాడతో పాటు దానినీ తెగ్గోస్తుంది. తడి గట్టు, పక్కనే నీళ్ళు, చేతిలో ఇనుప గొట్టం. ఇంతకంటే చెప్పనక్కరలేదు. చెరువు కాపలాదారును పిలిచి, ఆ గట్టు వైర్లకు కరెంటు కట్టేయించి, వైరు ఎటు పోయిందో చూపించుకుని, దానికి ఇరుపక్కలా గజం మేర కొడవలితోనే కోసుకోవాలి. ఏరియేటర్లు ఆపడం కుదరదని అంటే ఆ రోజు ఆ గట్టు వదిలేయాలి. ఎలుకలకో, పందులకో దొంగచాటుగా కరెంటు తీగ పెట్టిన పొలాలకు కూడా ఇదే వర్తిస్తుంది. అటువంటి తీగ పెట్టడమే నేరం.

పాముల గురించి దివిసీమ వారికి మేము చెప్పవలసింది లేదు. 2018 ఆగస్టులో అక్కడ పాముకాట్లు ఎక్కువై, కొద్ది రోజుల్లోనే ఎందరో ఆసుపత్రుల పాలైన సంగతి అందరికీ జ్ఞాపకమే. ఎలుక బొరియలున్న ప్రతి గట్టులోనూ పాము ఉండే అవకాశం ఉన్నది. మిషను మోతకు అది పారిపోతుందని కొందరి నమ్మకం. పాము గాలిలోని మోత కన్నా నేల అదురును బాగా పసిగడుతుంది. మిషను భుజాన వేలాడుతుంది గనుక నేల పెద్దగా అదరదు. అందువల్ల ముందు కర్రతో తట్టుకుంటూ నడవడమే మంచిది. బ్లేడుకు తెగిన పాము తల కూడా కొంతసేపటి వరకు కాటు వేయగలదు. దానిని చేత్తో ఎత్తి పారవేయరాదు. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు పాముకూ, ఎగిరే పెంకులకూ అడ్డు. చెప్పులతో, వట్టి కాళ్ళతో ఈ మిషను పట్టనివ్వరాదు. కాటు పడితే తాడు బిగించి కట్టడం, గాటు పెట్టడం, నాటు మందు వేయడం కూడదు. కాలు కదలకుండా కర్ర కట్టి, నడిపించకుండా మోసుకుని, 108కి ఫోను చేసి అవనిగడ్డ, మచిలీపట్నం, గుడివాడలలో ఏది దగ్గరైతే ఆ ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. విషానికి విరుగుడు ఇంజెక్షను ఒక్కటే మందు.

తలకు ఏది బిగించాలన్నది మరొక ముఖ్య విషయం. మిషనుతో సాధారణంగా నైలాను తాడు తల, మూడు పళ్ళ బ్లేడు, రంపపు పళ్ళ గుండ్రటి బ్లేడు వస్తాయి. నైలాను తాడు ఇంటి చుట్టూ, పాలకేంద్రం ఆవరణలో, గోడల వెంబడి కలుపు తీయడానికి. మూడు పళ్ళది ఎదిగిన గడ్డికి, నేపియరుకు. రంపపుది సర్కారు తుమ్మ వంటి కర్ర మొక్కలకు, అదీ లేతవాటికి. బ్లేడుకు బీట వస్తే, పన్ను విరిగితే పారవేయవలసిందే. వెల్డింగు పెట్టించరాదు, సుత్తితో సరిచేయరాదు. అతుకు ఊడిన ముక్క తుపాకి గుండుతో సమానం. బ్లేడును పట్టి ఉంచే నట్టుకు చాలా రకాల్లో ఎడమ మర ఉంటుంది. తెలియక మామూలు దిక్కున బలవంతంగా తిప్పి మర చెడగొట్టి, ఆ వదులు నట్టుతోనే పని చేస్తున్నవారు ఉన్నారు.

ఈ నైలాను తాడు ఆలోచన అమెరికాలో పుట్టింది. టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టనులో జార్జి బల్లాస్ అనే ఆయన 1971లో కార్లు కడిగే యంత్రం కుంచెలు తిరుగుతుంటే చూసి, ఒక రేకు డబ్బాకు చేపల గాలపు తాడు కట్టి తిప్పి చూశాడట. చెట్టు మానును గీరకుండా గడ్డి ఒక్కటే తెగాలన్నది ఆయన ఉద్దేశం. అంటే మెత్తగా ఉండడమే ఆ తాడు సుగుణం. మన వాళ్ళు తాడు ఊరికే తెగిపోతున్నదని దాని బదులు బైండింగు వైరో, సైకిలు బ్రేకు వైరో, కొందరు గొలుసు ముక్కలో కడుతున్నారు. ఇది అన్నింటికంటే ప్రమాదకరం. తెగిన ఇనుప ముక్క ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. గొలుసు కొక్కీ ఊడి తగిలి ఒక మనిషి చనిపోయిన మీదట యూరపు దేశాల కూటమి 2012 జనవరిలో బ్రష్ కట్టర్లకు తగిలించే ఇటువంటి గొలుసు తలల అమ్మకాన్నే నిషేధించింది.

పాల ఉత్పత్తిదారులుగా మనకు ఇందులో ఇంకొక నష్టం కూడా ఉన్నది. తెగిన వైరు ముక్క మనిషికి తగలకపోతే గడ్డిలో పడుతుంది, గడ్డితో పాటు గాటికి చేరుతుంది. గేదె మేతను ఏరుకుని తినదు, నాలుకతో చుట్టి మింగుతుంది. ఇనుప ముక్క తేనెపట్టు వంటి లోపొర ఉన్న రెండవ పొట్టలో నిలుస్తుంది. గుండె ఆ పొట్టకు ఎదురుగానే, మధ్య తెర అవతల ఉంటుంది. పొట్ట కదలికలకు, ఈనేటప్పుడు పడే ఒత్తిడికి ఆ తీగ పొట్టను చీల్చుకుని గుండె వైపు నడుస్తుంది. మేత తగ్గడం, పాలు ఉన్నట్టుండి పడిపోవడం, మోచేతులు ఎడంగా పెట్టి నడుము వంచి నిలబడడం, రొమ్ము కింద నీరు దిగడం దీని లక్షణాలు. రొమ్ము కింద నీరు దిగిన తరువాత గేదె దక్కడం కష్టం. నైలాను తాడు ముక్కలు గుచ్చుకోవు గాని అరగవు, పొట్టలో ఉండలు కడతాయి. అందుచేత పశువులకు వేసే మేతను నైలాను తాడుతో కోయనే కూడదు, బ్లేడుతోనే కోయాలి. వైరుతో అసలే కోయరాదు. నైలాను తాడుతో శుభ్రం చేసిన ఆవరణలోని గడ్డిని పోగు చేసి పెంటకుప్పలో వేయండి, గాటిలో వేయకండి.

నేపియరు వేసినవారు నేలకు నాలుగు నుండి ఆరు అంగుళాల ఎత్తున కోస్తే రెండు లాభాలు. మొదలు నుండి పిలకలు బాగా వస్తాయి, బ్లేడు మట్టిని, పెంకులను తాకదు. జనుము, పిల్లిపెసర వంటి పలుచని కాడల మేతకు మాత్రం కొడవలే నయమని మేము అనుకుంటాము. పిల్లిపెసర నేల మీద పాకుతుంది. మిషనుతో కోస్తే సగం మేత మట్టిపాలవుతుంది.

మిషను తిప్పే తీరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. బ్లేడు సాధారణంగా పైనుండి చూస్తే గడియారపు ముల్లుకు ఎదురు దిక్కున, అంటే కుడి నుండి ఎడమకు తిరుగుతుంది. బ్లేడును గడియారం ముఖంగా ఊహించుకోండి. మీ వైపున్నది 6, మీకు దూరంగా ఉన్నది 12. కోతకు వాడవలసింది ఎడమ పక్క, 8 నుండి 11 వరకు ఉన్న భాగం. 12 నుండి 3 వరకు ఉన్న కుడి ముందు భాగం గట్టి మానుకో, గూటానికో తగిలితే బ్లేడు దానిని కోయలేక దాని మీద ఎక్కి మొత్తం మిషనును ఒక్క ఉదుటున కుడివైపుకు విసురుతుంది. పట్టు ఎంత గట్టిగా ఉన్నా ఆగదు. సర్కారు తుమ్మ నరికేటప్పుడు ఎక్కువగా జరిగేది ఇదే. కుడి నుండి ఎడమకు విసురుతూ కోయాలి. తిరిగి కుడికి తెచ్చేటప్పుడు కోయరాదు. బ్లేడు మోకాలి ఎత్తుకు మించి లేవరాదు. రెండు చేతులూ రెండు పిడుల మీదే ఉండాలి. బీడీ వెలిగించుకుందామని, ఫోను తీద్దామని ఒక చేయి వదలడం కనబడుతున్నది. ఇంజను ఆపి ఆ పనులు చూసుకోవచ్చు.

కాలువ గట్టు వాలులో గట్టు పొడవునా నడుస్తూ కోయాలి గాని, పైకీ కిందికీ దిగుతూ కోయరాదు. మన నల్లరేగడి తడిస్తే సబ్బులాగా జారుతుంది. భుజానికి తగిలించుకునే మిషను ఏడెనిమిది కిలోలు ఉంటుంది. దానిని పట్టీలతో ఒంటికి కట్టుకుని నిండుగా పారే కాలువలో జారిపడితే ఈత వచ్చినవాడు కూడా తేలడం కష్టం. పట్టీకి ఒక్క లాగుతో ఊడే కొక్కెం ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు గట్టు మీద నిలబడి దానిని రెండుసార్లు ఊడదీసి చూసుకోవాలి. కొక్కెం పాడైతే తాడు ముడి వేసి పని కానిచ్చేవారున్నారు. ఆ మిషనును బయటికి ఇవ్వరాదు.

లుంగీ, పంచె, మెడలో వేలాడే తువ్వాలు పనికిరావు. బిగుతు ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, బూట్లు, చేతి తొడుగులు వేసుకోవాలి. వీటన్నిటికంటే ముందు కళ్ళద్దాలు. చలువ కళ్ళజోడు సరిపోదు, దాని గాజే పగిలి కంట్లో పడుతుంది. పక్కల నుండి కూడా మూసి ఉండే ప్లాస్టిక్కు అద్దాలో, ముఖమంతా కప్పే జాలీయో కావాలి. జాలీ పెట్టుకున్నా లోపల అద్దాలు ఉండాలి. జాలీ సందుల్లోంచి నలక దూరుతుంది. చెవులకు దూది సరిపోదు, చెవి బిరడాలు చవకలోనే దొరుకుతాయి. ఒక పెద్దాయన మాతో, "అయ్యా, యాభై ఏళ్ళు గడ్డి కోశాం, ఏనాడైనా అద్దాలు పెట్టామా?" అన్నారు. "కొడవలి ఏనాడైనా రాయి విసిరిందా బాబాయి గారూ?" అంటే నవ్వి ఊరుకున్నారు. అరగంట పని చేశాక పది నిమిషాలు ఆగడం మంచిది. అదే పనిగా అదురుతుంటే వేళ్ళు తిమ్మిరెక్కి పట్టు సడలుతుంది. ఏళ్ళ తరబడి అలాగే చేస్తే వేళ్ళ స్పర్శ శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

కంటిలో ఏదైనా పడితే నలపరాదు. ఆముదం, చనుబాలు, ఆకు పసర్లు పోయరాదు. గుచ్చుకున్నది కనబడినా లాగరాదు. కంటికి ఒత్తిడి తగలకుండా పైన కాగితపు కప్పు బోర్లించి కట్టి, వెంటనే కంటి డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. గడ్డిపోచ గీసుకున్నా అశ్రద్ధ కూడదు. పచ్చి ఆకు గీత వల్ల కంటి నల్లగుడ్డుకు బూజు పట్టి పుండు పడుతుంది. మందుల షాపులో అడిగి చుక్కలు వేసుకుంటే అందులో స్టెరాయిడు ఉండి ఆ పుండు ఇంకా ముదురుతుంది. కోత గాయమైతే శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టాలి. కాఫీ పొడి, పసుపు, పెట్రోలు పెట్టరాదు. వేలు తెగిపడితే శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్కు సంచిలో వేసి, ఆ సంచిని ఐసు ఉన్న మరొక సంచిలో పెట్టి మనిషితో పాటు పంపాలి. వేలికి ఐసు నేరుగా తగలరాదు. పేడ నేలలో పని గనుక ధనుర్వాతం ఇంజెక్షను మరువరాదు.

పెట్రోలు సంగతి కొస్తే, ముందు మీ మిషను రెండు స్ట్రోకులదో, నాలుగు స్ట్రోకులదో తెలుసుకోండి. నాలుగు స్ట్రోకుల దానికి పెట్రోలు విడిగా, ఆయిలు విడిగా. రెండు స్ట్రోకుల దానికి పెట్రోలులో 2టి ఆయిలు కలపాలి. పుస్తకంలో 50కి 1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అని ఉంటే 40 మిల్లీలీటర్లు. ఆయిలు లేకుండా నడిపితే ఇంజను పట్టేస్తుంది. కలిపిన పెట్రోలును నెలకు మించి నిలవ ఉంచరాదు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు కలుస్తున్నది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన సముద్రతీరపు గాలిలో ఆ బెడద మరీ ఎక్కువ. మీ మిషను అటువంటి పెట్రోలుకు పనికివస్తుందో లేదో పుస్తకంలో చూసుకోండి. పని లేని నెలల్లో ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటరులో మిగిలినది అయిపోయి ఇంజను దానంతటది ఆగేవరకు నడిపి, అప్పుడు భద్రపరచాలి.

ఇంజను వేడిగా ఉండగా పెట్రోలు పోయరాదు, పది నిమిషాలు ఆగాలి. పోసిన చోటే స్టార్టు చేయకుండా పది అడుగులు పక్కకు జరగాలి. గడ్డివాము పక్కన, పశువుల పాకలో ఈ పని చేయరాదు. కాలిన సైలెన్సరుకు ఎండుగడ్డి తగిలితే చాలు, వాము బూడిదే. మూసిన గదిలో ఇంజను నడిపితే పొగ ప్రాణాలు తీస్తుంది. స్టార్టు చేయగానే మీట వదిలి చూడాలి. అప్పుడు కూడా బ్లేడు తిరుగుతుంటే మెకానిక్కుకు చూపించాలి తప్ప పనిలోకి దిగరాదు. పెట్రోలును కూల్ డ్రింకు సీసాల్లో పెట్టడం వల్ల పిల్లలు పొరపాటున తాగే ప్రమాదం ఉన్నది.

పాలకేంద్రం గదిలో మిషనును గాని, పెట్రోలు డబ్బాను గాని పెట్టడాన్ని మేము తనిఖీలో లోపంగానే వ్రాస్తాము. పాల వెన్న చుట్టుపక్కల వాసనను ఇట్టే పీల్చుకుంటుంది. పెట్రోలు వాసన తగిలిన ఒక్క క్యాను చిల్లింగు కేంద్రంలో తిరస్కరిస్తే ఆ పూట నష్టం పాలు పోసిన అందరిదీ. పాల కొలత గ్లాసుతో ఆయిలు కొలవడం కూడా ఒక చోట చూశాము. ఆయిలుకు వేరే కొలత గ్లాసు కొనండి, పది రూపాయల పని.

అద్దెకిచ్చే సంఘాలు ఒక పుస్తకం పెట్టుకోవాలి. తేదీ, తీసుకున్న సభ్యుని పేరు, నడిపే మనిషి పేరు, ఇచ్చిన వేళ, తెచ్చిన వేళ, ఏ బ్లేడు, గార్డు ఉన్నదా, అద్దాలు, బూట్లు, తొడుగులు ఇచ్చారా, సంతకం. ఇన్ని గడులు చాలు. మిషనుతో పాటు అద్దాలు, బూట్లు కూడా తీసుకుపోనివారికి మిషను ఇవ్వరాదని, 18 ఏళ్ళ లోపు వారికి, తాగి వచ్చినవారికి ఇవ్వరాదని, గార్డు విప్పితే మళ్ళీ ఇవ్వబోమని పాలకవర్గం తీర్మానం చేసి నోటీసు బోర్డు మీద పెట్టాలి. నూర్పిడి యంత్రాలు ఎందరి చేతులనో పొట్టన పెట్టుకున్న తరువాతే 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల చట్టం చేసింది. మన సంఘాలు ఏ చట్టం కోసమూ ఎదురుచూడనవసరం లేదు, ఒక తీర్మానం చాలు.

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన 2015 నుండి అమలులో ఉన్నది. 18 నుండి 70 సంవత్సరాల వయసు గల బ్యాంకు ఖాతాదారులు ఎవరైనా చేరవచ్చు. సంవత్సరానికి ప్రీమియం 20 రూపాయలు. ప్రమాదంలో మరణిస్తే, లేదా రెండు కళ్ళూ పూర్తిగా పోతే 2 లక్షలు, ఒక కన్ను చూపు గాని, ఒక చేయి లేక కాలు గాని పూర్తిగా పోతే 1 లక్ష రూపాయలు ఇస్తారు. బీమా సంవత్సరం జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది. కార్యదర్శులు మే నెల పాల చెల్లింపుల సమయంలోనే జాబితా తీసి, సభ్యుని పేరుతో పాటు ఇంట్లో గడ్డి కోసే, ఎత్తే ప్రతి ఒక్కరి పేరూ, ముఖ్యంగా సభ్యత్వం లేని స్త్రీల పేర్లు, వారి వారి బ్యాంకు ఖాతాల ద్వారా ఇందులో చేర్పించవలసిందిగా కోరుతున్నాము. వచ్చే తనిఖీలో ఆ జాబితాను కూడా చూస్తాము.